పేర్లు వచ్చాయి, మాట రాలేదు

ప్రశ్న: నేను ఆరో తరగతికి ఇంగ్లీషు చెబుతాను. నలభై మంది పిల్లలు, ఎవరి ఇంట్లోనూ ఇంగ్లీషు మాట్లాడరు. ఈ ఏడాది పాఠాలను ఒక అంశం చుట్టూ అల్లి చెప్పమన్నారు. మాకు వచ్చిన అంశం "ఆహారం ఎలా తయారవుతుంది". ఉత్సాహంగానే మొదలుపెట్టాను. కూరగాయలు, పండ్లు, ధాన్యాలు, పనిముట్లు అన్నీ కలిపి అరవై బొమ్మలతో చార్టులు కట్టాను. మూడు వారాల్లో పేర్లన్నీ నోటికి వచ్చాయి. కానీ "హౌ ఈజ్ బ్రెడ్ మేడ్" అని అడిగితే తల దించుకుంటారు. ధైర్యం చేసినవాళ్లు "వీట్, ఫ్లోర్, బ్రెడ్" అని మూడు ముక్కలు చెప్పి కూర్చుంటారు. సైన్సు టీచరేమో "నా పాఠం మీరు చెబుతున్నారు" అని నవ్వుతున్నారు. బడిలో తోట వేసుకునే జాగా లేదు. ఇంకో సంగతి. పొలం పనికి వెళ్లేవాళ్ల పిల్లలు ఈ పాఠంలో ముందుంటారనుకున్నాను. వాళ్లే అందరికంటే ఎక్కువ ముడుచుకుపోతున్నారు. ఎక్కడ తప్పు చేస్తున్నాను?
- ఒక టీచరు

సమాధానం:

టీచరు గారూ, మీ ప్రశ్నకు జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. "పేర్లన్నీ నోటికి వచ్చాయి" అన్నారు. వస్తాయి. చార్టు చేయగలిగింది అంతే, తన పని అది చేసింది. కానీ అరవై పేర్లు తెలిసిన పిల్లవాడికి ఎదుటివాళ్లతో చెప్పడానికి ఏముంది? క్యారట్ అంటే క్యారట్, అక్కడితో సరి. ఆహారం తయారవడం అనే అంశంలో అసలు సరుకు పేర్లలో లేదు, క్రియల్లో ఉంది. గింజ మొలకెత్తడం, కంకి కోయడం, నూర్చడం, విసరడం, జల్లించడం, పిసకడం, పొంగడం, కాల్చడం. ఒకటి ఇంకొకటిగా మారిపోవడం. మీరు ఆ మార్పును వదిలేసి, దానికి ముందూ వెనకా ఉన్న వస్తువులను గోడకు అంటించారు.

ఈ తప్పు నేనూ చేశాను, ఒకటి రెండు నెలలు కాదు, నాలుగేళ్లు. నా చార్టులు చాలా అందంగా ఉండేవి కూడా. ఒక పిల్లవాడు ఇరవై నాలుగు కూరగాయల పేర్లు ఒక్క గుక్కలో చెప్పేవాడు. తనిఖీకి ఎవరు వచ్చినా వాణ్నే లేపేదాన్ని. ఐదో ఏడు, ఎందుకో గుర్తు లేదు, కిటికీలో ఒక గాజు గ్లాసు పెట్టి తడి దూది మీద నాలుగు చిక్కుడు గింజలు వేశాను. నాలుగో రోజు పొద్దున, ఏడాదిగా తరగతిలో నోరు విప్పని ఒక అమ్మాయి వరండాలోనే ఎదురొచ్చి నా చెయ్యి పట్టుకుంది. "టీచర్, లెగ్ కమ్! సీడ్ లెగ్ కమ్!" అంది. గింజకు కాలు వచ్చిందట. వేరును ఏమంటారో ఆ అమ్మాయికి తెలుసు, అది గోడ మీదే ఉంది. ఆ క్షణాన గుర్తు రాలేదు, గుర్తు రావలసిన అవసరమూ పడలేదు. ఒక సంగతి జరిగింది, అది నాకు తెలియదు, తనకు తెలుసు. ఆ "కమ్" అనే ఒక్క క్రియను పట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చింది. నా పాఠం మారింది ఆ రోజునుంచే.

ముందు అరవైని ఒకటికి తగ్గించండి. గోధుమ గింజ నుంచి రొట్టె దాకా అనుకుందాం, మీ ప్రశ్న ఎలాగూ దాని గురించే కనుక. నాలుగు వారాలు దాన్ని వదలకండి. పిల్లలకు విసుగు పుడుతుందేమోనని మనం భయపడతాం గానీ, విసుగు మనకే ముందు పుడుతుంది. ఎనిమిది క్రియలు చాలు: విత్తు, నీరు పెట్టు, పెరుగు, కోయి, శుభ్రం చేయి, విసురు, కలుపు, కాల్చు. నూర్పిడికీ తూర్పారబట్టడానికీ ఉన్న ఇంగ్లీషు మాటలు మొదటి వారంలో తేకండి. "బీట్", "క్లీన్" అంటే పని జరిగిపోతుంది. కాస్త పెద్ద తరగతులకైతే పాలు కూడా మంచి దారి. క్రిములు చావడానికి పాలను 72 డిగ్రీల సెల్సియస్ దగ్గర 15 సెకన్లు ఉంచి వెంటనే చల్లార్చడం, కిలో వెన్నకు ఇరవై లీటర్లకు పైగా ఆవుపాలు పట్టడం లాంటి లెక్కలు "ఎంత", "ఎంతసేపు" అని అడగడానికి బాగా పనికొస్తాయి.

ఆ ఎనిమిది క్రియలనూ చెప్పించకండి, చేయించండి. మీరు "సో ది సీడ్స్" అంటే నలభై చేతులూ గాలిలో గింజలు చల్లాలి. "గ్రైండ్ ది వీట్" అంటే నలభై మందీ తిరగలి తిప్పాలి. మొదటి రెండు రోజులు పిల్లలు ఒక్క మాట కూడా మాట్లాడనవసరం లేదు, విని చేస్తే చాలు. జేమ్స్ ఆషర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1960లలో ఈ పద్ధతికి ఒక రూపం ఇచ్చారు. పసిపిల్లలు మాట్లాడటానికి ఎంతో ముందే చెప్పిన పని చేస్తారు కదా, రెండో భాషకూ అదే వరస ఎందుకు వాడకూడదు అన్నది ఆయన వాదన. మూడో రోజున మీరు తప్పుకుని ఒక పిల్లవాణ్ని ముందు నిలబెట్టండి, వాడు చెబుతాడు, మిగతావాళ్లు చేస్తారు. వాడు వరస తప్పి కోయకముందే విసరమంటే తరగతి మొత్తం గోల చేస్తుంది. ఆ గోల ఆపకండి. "నో, ఫస్ట్ కట్!" అన్న కేక అందులోనుంచే వస్తుంది.

ఇప్పుడు మీ పిల్లల నోరు కట్టేసిన ముడి దగ్గరికి వద్దాం. మీరు అడిగిన ప్రశ్నే ప్యాసివ్ వాయిస్‌లో ఉంది, జవాబు మొత్తం అందులోనే చెప్పాలి. విత్తేది ఒకరు, కోసేది ఒకరు, పిండి పట్టేది ఒకరు, కాల్చేది ఇంకొకరు. వాళ్లెవరో మనకు తెలియదు, ఆ సందర్భంలో అక్కరా లేదు. అందుకే ఇలాంటి చోట ఇంగ్లీషు మనిషిని పక్కకు జరిపి గోధుమను ముందు నిలబెడుతుంది. దీన్ని మనం పిల్లలకు ఎలా చెబుతున్నాం? "గోధుమలు విత్తబడతాయి, కోయబడతాయి, విసరబడతాయి" అని. ఏ ఇంట్లోనైనా ఎవరైనా అలా మాట్లాడగా విన్నారా? రాని ఇంగ్లీషును అర్థం చేయించడానికి లేని తెలుగును మధ్యలో తెచ్చి నిలబెడుతున్నాం.

ఇంట్లో మనం అనేది "గోధుమలు విత్తుతారు, కోస్తారు, విసురుతారు, పిండి జల్లిస్తారు" అని. ఎవరు? ఎవరో ఒకరు. "వాళ్లు" అన్న మాట మన మనసులో కూడా ఉండదు. చేసేవాళ్లను కనపడకుండా చేయడానికి తెలుగు వాడే ఉపాయమే ఈ "తారు". ఇంగ్లీషు అదే పనిని ప్యాసివ్‌తో చేస్తుంది. కాబట్టి "బడు"ను మరిచిపోయి, బోర్డు మీద నిలువుగా ఒక గీత గీయండి. ఎడమ పక్క "కోస్తారు", కుడి పక్క "ఈజ్ కట్". ఎడమ పక్క "విసురుతారు", కుడి పక్క "ఈజ్ గ్రౌండ్". "కాలుస్తారు", "ఈజ్ బేక్‌డ్". పిల్లలు రోజూ అనే మాటకు నేరుగా జత దొరికేసరికి ముఖాలు విప్పారతాయి. లేకపోతే తెలివైన పిల్లలు "దే కట్ ది వీట్, దే గ్రైండ్ ది వీట్" అని రాస్తారు. వ్యాకరణం ప్రకారం తప్పు కాదు, కానీ చదివినవాడు ఈ "దే" ఎవరబ్బా అని వెతుక్కుంటాడు.

ఆ గీత దాటగానే ఇంకో గొయ్యి ఉంది. ప్యాసివ్ రుచి మరిగిన పిల్లలు అన్నిటికీ దాన్నే తగిలిస్తారు. పిండి పొంగింది అనడానికి కూడా "ఈజ్ రైజ్డ్" అని రాస్తారు. పిండిని ఎవరూ పొంగించలేదు, అదే పొంగింది. ఈ తేడాను తెలుగు ఎంత శుభ్రంగా చూపిస్తుందో ఎప్పుడైనా గమనించారా? పెరుగు, పెంచు. మరుగు, మరిగించు. ఉడుకు, ఉడికించు. ఆరు, ఆరబెట్టు. పులియు, పులియబెట్టు. జతలో మొదటిది దానంతట అది జరిగేది, రెండోది ఒకరు పూనుకుని చేసేది. ఇంగ్లీషులో గ్రో, బాయిల్, కుక్, డ్రై, ఫర్మెంట్ అన్నవి రెండు పనులకూ అవే మాటలు. నీళ్లు మరుగుతాయి అంటే "వాటర్ బాయిల్స్", నీళ్లు మరిగిస్తారు అంటే "వాటర్ ఈజ్ బాయిల్డ్". మాటలో కనిపించని తేడా వాక్యం కట్టడంలో కనిపిస్తుంది. దీనికి నేను ఒక ఆట ఆడించేదాన్ని. తరగతిలో ఒక గోడ "దానంతట అదే", ఎదురు గోడ "ఎవరో చేస్తారు". నేను తెలుగులో "ఆరబెడతారు" అనగానే పిల్లలు ఆ గోడకు పరుగెత్తి, అక్కడికి చేరాకే ఇంగ్లీషు వాక్యం చెప్పాలి. ఇంగ్లీషు తరగతిలో తెలుగు ఎందుకని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. ఈ తేడా పిల్లల బుర్రలో తెలుగులో ఎప్పుడో కూర్చుని ఉంది, దాన్ని వాడుకోకుండా మళ్లీ ఇంగ్లీషులో మొదటినుంచి కట్టడం వృథా శ్రమ.

తెలుగు సాయం చేసేది ఇక్కడైతే, కాలు అడ్డం పెట్టేది లెక్క దగ్గర. మనకు పాలు బహువచనం, నీళ్లు బహువచనం, గోధుమలు బహువచనం. పాలు ఉన్నాయి, నీళ్లు వచ్చాయి. అందుకే పిల్లలు "మిల్క్ ఆర్", "వీట్స్ ఆర్" అంటారు. అది అజాగ్రత్త కాదు, తమ భాషకు వాళ్లు చూపిస్తున్న విధేయత. తిట్టే ముందు ఆ సంగతి వాళ్లకే చెప్పండి, "మనం పాలు ఉన్నాయి అంటాం కదా, అందుకే నీకు ఆర్ వచ్చింది" అని. తప్పు ఎక్కడినుంచి వచ్చిందో తెలిసిన పిల్లవాడు దాన్ని తనే పట్టుకోవడం మొదలుపెడతాడు. గ్లాసుడు, బస్తాడు, గింజ అనే కొలతలు పక్కన చేర్చి చెప్పిస్తే త్వరగా కుదురుకుంటుంది. ఇందులో ఒక నియమం కోసం వెతక్కండి. ఇంగ్లీషులో వీట్‌ను లెక్కపెట్టరు, ఓట్స్‌ను మాత్రం బహువచనంగానే అంటారు. రెండూ గింజలే. పిల్లలు "ఎందుకు" అని అడిగితే అదంతే అని చెప్పేయండి. మనం వరి, వడ్లు, బియ్యం, అన్నం అని నాలుగు చోట్ల నాలుగు మాటలు వాడే దానికి వాళ్లు రైస్ అనే ఒక్క మాటతో కాలక్షేపం చేస్తారని కూడా చెప్పండి. మన భాషకు ఎక్కువ మాటలు ఉన్నాయన్న సంగతి విని పిల్లలు కాస్త ఛాతీ విరుచుకుంటారు. ఇంగ్లీషు పీరియడ్‌లో అది అరుదైన దృశ్యం.

జాగా లేదన్న దిగులు వదిలేయండి. తోట ఉంటే మంచిదే, కానీ తోటలో మార్పు నెమ్మదిగా, మట్టి కింద జరుగుతుంది. గాజు గ్లాసులో కంటి ముందు జరుగుతుంది. చిక్కుడు గింజలను ఒక రాత్రి నానబెట్టి, గ్లాసు అంచుకూ తడి దూదికీ మధ్య, బయటికి కనిపించేలా దూర్చండి. దూది తడిగా ఉండాలి గానీ నీళ్లు నిలవకూడదు, నిలిస్తే గింజ కుళ్లుతుంది. మూడు నుంచి ఐదు రోజుల్లో వేరు కనిపిస్తుంది. పిల్లలు రోజుకు ఒకే ఒక్క వాక్యం, తేదీ వేసి రాయాలి. ఏమీ జరగని రోజు "నథింగ్ హాపెండ్" అని రాయాలి. మొదటి రెండు రోజులు అదే రాసి, మూడో రోజు ఆశగా తొంగిచూస్తారు. భూతకాలం నేర్పడానికి ఇంతకంటే మంచి దారి నాకు తెలియదు, ఎందుకంటే నిన్న లేనిది ఇవాళ నిజంగానే వచ్చి ఉంటుంది.

అసలు రుచి రెండో గ్లాసులో ఉంది. అవే గింజలు, అంతే నీరు, కానీ దాన్ని బీరువాలో చీకట్లో పెట్టండి. ఏది ఎక్కువ పెరుగుతుందో ముందే ఊహించి రాయమనండి. దాదాపు అందరూ కిటికీ గ్లాసు అనే రాస్తారు. పది పన్నెండు రోజుల తర్వాత రెండూ పక్కపక్కన పెడితే చీకట్లోదే పొడుగ్గా ఉంటుంది! పాలిపోయి, పసుపుపచ్చగా, నిలబడే సత్తువ లేక వాలిపోయి, కానీ పొడుగ్గా. వెలుతురు కోసం వెతుక్కుంటూ మొక్క తన బలమంతా కాండాన్ని సాగదీయడానికే ఖర్చు పెడుతుంది. పిల్లలు స్కేలు తెచ్చి కొలుస్తారు, నమ్మలేక మళ్లీ కొలుస్తారు. "ఇట్ ఈజ్ టాలర్ బట్ వీకర్" అన్న వాక్యం నేను బోర్డు మీద రాయకముందే మా తరగతిలో ఒకడు రాశాడు. పోలికలు నేర్పే పాఠాల్లో ఇద్దరు మనుషులను నిలబెట్టి ఎవరు పొడుగు, ఎవరు లావు అని అడుగుతారే, అది చూసినప్పుడల్లా నాకు ఈ రెండు గ్లాసులే గుర్తుకొస్తాయి.

చెప్పవలసిన అవసరం పుట్టించడం మీద ఇంకొక్క మాట. అందరికీ అన్నీ తెలిస్తే ఎవరూ మాట్లాడరు. తరగతిని రెండు జట్లు చేసి, గింజనుంచి బస్తా దాకా ఉన్న బొమ్మలు ఒక జట్టుకు, పిండి నుంచి రొట్టె దాకా ఉన్నవి రెండో జట్టుకు ఇవ్వండి. ఒక జట్టు దగ్గర ఉన్నది ఇంకో జట్టు చూడకూడదు. ఇద్దరిద్దరుగా కూర్చుని, అడిగి తెలుసుకుని, మొత్తం వరస ఒక కాగితం మీద గీయాలి. చివర్లో నాలుగో తరగతి పిల్లల దగ్గరికి పంపి వాళ్లకు చెప్పించండి. తమకంటే చిన్నవాళ్ల ముందు తప్పు చేయడానికి ఎవరూ అంతగా భయపడరు. అక్టోబరు 16 ప్రపంచ ఆహార దినం. ఆ రోజు పోస్టర్లు వేయించి గోడకు అంటించే బదులు ఈ పని పెట్టుకోవచ్చు.

సైన్సు టీచరు గారి నవ్వు సంగతి. ఆవిడ సగం సరిగ్గానే అన్నారు, ఇది ఆవిడ పాఠం కూడా. ఇందులో కొత్త ఏమీ లేదు. 1965లో కెనడాలోని సెయింట్ లాంబర్ట్‌లో ఇంగ్లీషు మాట్లాడే తల్లిదండ్రులు పట్టుబట్టి, తమ పిల్లలకు కిండర్‌గార్టెన్ నుంచే ఫ్రెంచిలో పాఠాలు చెప్పించుకున్నారు. ఒక విషయాన్నీ ఒక భాషనూ జోడించి నేర్పే ఈ తరహా బోధనకు 1994లో యూరప్‌లో డేవిడ్ మార్ష్ అనే భాషా బోధన పరిశోధకుడు "కంటెంట్ అండ్ లాంగ్వేజ్ ఇంటిగ్రేటెడ్ లెర్నింగ్" అని పేరు పెట్టారు, పొట్టిగా క్లిల్ అంటారు. పేరు ఏదైనా, మీ ఇద్దరి మధ్య సరిహద్దు సులభంగానే గీయవచ్చు. చీకట్లో మొక్క ఎందుకు పాలిపోయింది అన్నది ఆవిడ పాఠం. పాలిపోయింది అని ఎలా చెప్పాలన్నది మీ పాఠం. మీరు మార్కులు వేసేది రెండోదానికే. అయితే మొదటిదాంట్లో తప్పు చెప్పే హక్కు మీకు లేదు, అందుకే ఆవిడతో కూర్చుని ఒక కప్పు టీ తాగండి. వేరుశనగ నేలలో కాస్తుందని మనకు తెలుసు. కానీ పువ్వు నేలపైన పూస్తుందని, పూత తర్వాత దాని అడుగునుంచి ఒక ఊడ దిగి మట్టిలోకి దూరి, అక్కడ కాయ కడుతుందని మీరు ఆ కబుర్లలో తెలుసుకుంటారు. "అబవ్ ది గ్రౌండ్", "ఇన్‌టు ది గ్రౌండ్", "అండర్ ది గ్రౌండ్" అని మూడు ప్రిపొజిషన్లు ఒక్క మొక్కలో దొరికిపోతాయి.

పొలం పని చేసేవాళ్ల పిల్లలు ముడుచుకుపోవడం నాకు ఆశ్చర్యంగా లేదు. "చదువుకోకపోతే మట్టి పిసుక్కుంటావు" అన్న బెదిరింపును వాళ్లు ఇంట్లోనూ బడిలోనూ వింటూనే ఉంటారు. ఇప్పుడు హఠాత్తుగా ఆ మట్టే పాఠమైంది. అది ఎగతాళో నిజమో వాళ్లకు తేలడం లేదు. "మీ నాన్న ఏం చేస్తారు" అన్న ప్రశ్నను ఈ పాఠంలోకి రానివ్వకండి, ఇంగ్లీషులో కూడా. మనిషిని వదిలేసి పనిని అడగండి. "నూర్పిడి అయ్యాక గింజలోంచి పొట్టు ఎలా పోతుంది?" అని తరగతి మొత్తాన్ని అడిగి ఆగండి. గబగబా జవాబు చెప్పేయకండి. మా తరగతిలో ఆ ప్రశ్నకు వెనక బెంచీ పిల్లవాడు ఒకడు లేచి, చేట పట్టుకున్నట్టు చేతులు పైకెత్తి, ముందు గాలి ఎటు వీస్తోందో చూడాలన్నాడు. గింజ బరువు కనుక కిందపడుతుంది, పొట్టు తేలిక కనుక ఎగిరిపోతుంది అని తెలుగులోనే చెప్పాడు. మిగతావాళ్లు దాన్ని ఇంగ్లీషు చేశారు. తూర్పారబట్టడానికి ఇంగ్లీషు మాట "విన్నో", అది విండ్ అంటే గాలి నుంచి పుట్టిందే. మన ఎనిమిది క్రియల్లో అది లేదు. అయినా ఆ రోజు బోర్డు మీదికి ఎక్కింది, ఎక్కాక ఎవరూ దాన్ని మరిచిపోలేదు. వీలైతే ఒక అమ్మనో నాన్ననో ఒక గంట పిలిపించండి. వాళ్లు తెలుగులోనే మాట్లాడాలి. ప్రశ్నలు పిల్లలు ఇంగ్లీషులో ముందే రాసుకోవాలి, ఇద్దరు పిల్లలు అటూ ఇటూ తర్జుమా చేయాలి. పిలిచింది పాఠం చెప్పడానికని, వినోదానికి కాదని, పిలిచే ముందే వాళ్లకు స్పష్టంగా చెప్పండి.

దీనికి ఆనుకునే ఇంకో జాగ్రత్త. ఇవాళ ఏం తిన్నారు అన్న ప్రశ్నతో పాఠం మొదలుపెట్టకండి. ఏమీ తినకుండా వచ్చిన పిల్లలుంటారు. ఎవరు మాంసం తింటారు, ఎవరు తినరు అన్న చర్చ కూడా వద్దు. ఇంగ్లీషు నేర్చుకోవడానికి దాని అవసరం లేదు.

మీ చార్టులను చింపకండి, అవి వేరే పనికి వస్తాయి. ఇంగ్లీషులో చాలా పేర్లు ఉన్నచోటనే క్రియలవుతాయి. వాటర్ అంటే నీరు, నీరు పెట్టడం కూడా. ప్లాంట్, మిల్క్, పీల్, షెల్, సాల్ట్ అన్నీ అంతే. బఠాణీ కాయ వలవడాన్ని షెల్ అనే అంటారు. పిల్లలకు నోటికి వచ్చిన అరవై పేర్లలో ఇలా క్రియలుగా మారేవెన్నో వాళ్లతోనే ఏరించండి. ఇక మీరు ఉన్నదున్నట్టు రాసిన ఆ "ఫ్లోర్" సంగతి. ఫ్లోర్ అంటే నేల. పిండిని పలకవలసింది పువ్వును పలికినట్టే, ఫ్లవర్ అని. ఒకప్పుడు రెండూ ఒకే మాట, పిండిలో మేలైన భాగాన్ని పువ్వు అన్నారు, స్పెల్లింగు తర్వాత విడిపోయింది. ఈ కథ చెబితే ఉచ్చారణ దానంతట అదే సర్దుకుంటుంది. విసిరిన గోధుమను "గ్రౌండ్" అన్నప్పుడు సగం తరగతి నేల వైపు చూస్తుంది, దానికి ముందే సిద్ధంగా ఉండండి.

తప్పులు దిద్దడం గురించి మీరు అడగలేదు గానీ, అడగవలసిన మాట. వారానికి ఒక్క రకం తప్పు మాత్రమే దిద్దండి. ఈ వారం ఈజ్, ఆర్ అయితే మిగతావన్నీ చూసీ చూడనట్టు వదిలేయండి. ఎర్ర సిరాతో నిండిన కాగితం అందుకున్న పిల్లవాడు మరునాడు పొట్టి వాక్యం రాస్తాడు, ఆ మరునాడు రాయడు. పరీక్ష కూడా చిన్నదే పెట్టండి. వరస తప్పించిన నాలుగు బొమ్మలు ఇచ్చి, సర్దుకుని, ఒక నిమిషం మాట్లాడమనండి. మీ మొదటి ప్రశ్నకు జవాబు అందులోనే ఉంటుంది.

పాఠం అయిపోయాక సమయం మిగిలితే పిల్లలకు ఒక మోసం కథ చెప్పండి. 1957 ఏప్రిల్ 1న బీబీసీ టీవీలో, స్విట్జర్లాండ్‌లో ఒక కుటుంబం చెట్లనుంచి స్పఘెట్టి కోస్తున్నట్టు ఒక చిన్న వార్తాచిత్రం వేశారు. దండెం మీద ఆరేసినట్టు కొమ్మలకు సేమ్యాలాంటి పోగులు వేలాడుతున్నాయి. స్పఘెట్టి గోధుమపిండితో చేసేదని తెలియని ప్రేక్షకులు కొందరు ఆ చెట్టును ఎలా పెంచాలో చెప్పమని ఫోన్లు చేశారు. నాలుగు వారాలు గోధుమతో గడిపిన మీ పిల్లలను ఆ ఫోను ఎత్తినవాళ్లుగా కూర్చోబెట్టి జవాబు చెప్పమనండి. ఎంత గట్టిగా మాట్లాడతారో చూడండి.

సోమవారం రెండు గ్లాసులతో మొదలుపెట్టండి. గ్లాసుకు ఒక కాగితం అంటించి "పారేయవద్దు" అని పెద్దక్షరాల్లో రాయడం మరిచిపోకండి. నేను ఒకసారి మరిచిపోయాను. సెలవు తర్వాత వచ్చి చూస్తే కిటికీ ఖాళీగా ఉంది, గ్లాసు మాత్రం తళతళా కడిగి బోర్లించి ఉంది. గదులు ఊడ్చే ఆవిడ బూజు పట్టిన దూది అనుకుంది పాపం. ఆ రోజు డైరీలో చాలామంది ఏమీ రాయలేదు. ఒక పిల్లవాడు మాత్రం తేదీ వేసి, "అవర్ సీడ్స్ వర్ త్రోన్ అవే" అని రాశాడు. ఎవరు పారేశారో రాయలేదేమని అడిగాను. వాడు తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "ఆవిడకు తెలిస్తే బాధపడుతుంది టీచర్" అన్నాడు.